మా వంటింటి నల్లాలో సీసం: నీళ్ల పరీక్ష చేయించిన నా అనుభవం

నల్లగొండలో నీళ్ల మాట ఎత్తితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడే. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నడుము వంగి, కాళ్లు వంకర్లు పోయిన మనుషుల్ని కళ్లారా చూసిన తరం మాది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేస్తే, దానికి మా ఊరి పేరే పెట్టి 'నల్లగొండ టెక్నిక్' అన్నారు. ఆ జబ్బు మా జిల్లాను అంతగా అంటిపెట్టుకుంది. అందుకే కృష్ణా నీళ్లు నల్లాలోకి వచ్చాక హమ్మయ్య అనుకున్నాం. బోరు నీళ్లు గిన్నెలకు, బట్టలకు. నల్లా నీళ్లు తాగడానికి, వంటకు. ఇన్నేళ్లుగా మా ఇంట్లో ఇదే పద్ధతి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లాంటి పేర్లు మేం ఎన్నడూ తలుచుకున్నది లేదు.

మా అమ్మాయి పురిటికి వచ్చే ముందు ఇంటికి ఆర్ఓ మిషన్ అమ్మే అబ్బాయి ఒకతను వచ్చాడు. ఒక గ్లాసులో మా నల్లా నీళ్లు, ఇంకో గ్లాసులో తను తెచ్చిన ఆర్ఓ నీళ్లు పోశాడు. కడ్డీలు ఉన్న చిన్న పెట్టె ఒకటి వాటిలో ముంచి కరెంటు పెట్టాడు. నిమిషం తిరగకముందే మా నీళ్లు తుప్పు రంగుకు తిరిగి, పైన ఆకుపచ్చగా నురగ కట్టింది. ఆర్ఓ నీళ్లు మాత్రం తేటగా అలాగే ఉన్నాయి. "చూడండి మేడమ్, ఇవన్నీ లోహాలే. కడుపుతో ఉన్న అమ్మాయికి ఈ నీళ్లు ఎట్ల ఇస్తరు?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు నేను పనిచేసే స్కూల్లో మా ఫిజిక్స్ సారుకు చెప్పాను. ఆయన ల్యాబులోకి తీసుకెళ్లి రెండు ఇనుప మేకులకు వైర్లు చుట్టి, బ్యాటరీకి కలిపి, స్టాఫ్ రూమ్‌లోని ఆర్ఓ నీళ్లలో ముంచారు. ఏమీ కాలేదు. ఆ నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ముంచారు. కాసేపటికే అదే తుప్పు రంగు, అదే తెట్టు. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుప కడ్డీ కరిగి నీళ్లలో కలుస్తుంది, రంగు దానిదేనమ్మా అన్నారు. ఆర్ఓ నీళ్లలో లవణాలు ఉండవు కాబట్టి కరెంటు పారదు, రంగూ రాదు. మేకు బయటికి తీసి చూపించారు, ఒక చివర గరుకుగా తినేసినట్టు అయింది. కడుపుతో ఉన్న పిల్లను అడ్డం పెట్టుకుని ఇలా బెదిరించి అమ్మడం చాలా తప్పు అని ఇప్పటికీ అంటాను.

అయితే ఆ పరీక్ష మోసమైనంత మాత్రాన మా నీళ్లు మంచివని రుజువు కాలేదు కదా. నాకున్న ప్రశ్న అలాగే మిగిలింది. మా అల్లుడు ఆన్‌లైన్‌లో టీడీఎస్ మీటర్ తెప్పించాడు. నల్లా నీళ్లలో మూడు వందల చిల్లర చూపించింది. ఆ మీటర్ చూసేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందన్నదే. లీటరు నీళ్లలో మూడు వందల మిల్లీగ్రాముల లవణాలుంటే అది పట్టుకుంటుంది. సీసానికి మన దేశంలో ఉన్న పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. అంతకు పది రెట్లు ఉన్నా ఆ మీటరుకు తెలియదు. రంగు, రుచి, వాసన దేంతోనూ సీసాన్ని మనం పట్టుకోలేం.

పక్కింటి వదినకు చెబితే, "మూసీ నీళ్లు కలుస్తయంట గదా, అందుకే ఇదంతా" అంది. ఈ మాట మా ఊళ్లో చాలామంది దగ్గర విన్నాను. మా టౌనుకు నీళ్లొచ్చేది పానగల్లు ఉదయసముద్రం నుంచి. దానికి నీళ్లు నాగార్జునసాగర్ జలాశయం నుంచి ఎత్తిపోతల ద్వారా అక్కంపల్లి మీదుగా వస్తాయి. మూసీ వెళ్లి కృష్ణలో కలిసేది వాడపల్లి దగ్గర, అంటే సాగర్ డ్యాం దాటాక, దిగువన. కాబట్టి ఆ భయం మన నల్లాకు వర్తించదు. ఇంకో భయానికి మాత్రం కొంత ఆధారం ఉంది. సాగర్ పక్కనే లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం నిక్షేపాలున్నాయి. గ్రానైటు రాళ్లున్న చోట బోర్లలో యురేనియం కొద్దో గొప్పో కనిపించడం కొత్తేమీ కాదు. అందుకని బోరు నీళ్లు కూడా పరీక్షించాలనుకున్నాను.

మొదట మా జిల్లాలోని నీటి పరీక్షా కేంద్రానికి వెళ్లాను. ఫ్లోరైడ్, టీడీఎస్, గట్టిదనం, నైట్రేట్, ఇనుము, బ్యాక్టీరియా లాంటివి అక్కడ చేస్తారు, ఫీజు కూడా తక్కువ. సీసం, ఆర్సెనిక్ లాంటి వాటికి పెద్ద యంత్రాలు కావాలి, హైదరాబాద్‌లో చూసుకోండమ్మా అని అక్కడున్న ఆయన ఓపికగా చెప్పారు. సాంపిల్ ఎలా పట్టాలో మొదట నేర్పింది కూడా ఆయనే.

హైదరాబాద్ ల్యాబులకు ఫోన్ చేయడం మొదలుపెట్టాక అసలు చదువు మొదలైంది. ఎన్ఏబీఎల్ (ల్యాబుల పనితీరు చూసి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని అడగాలని అందరికీ తెలుసు. అది ఒక్కటి అడిగితే చాలదు. ఆ గుర్తింపు ఏయే పరీక్షలకు ఉందో ఒక జాబితా ఉంటుంది, అందులో తాగునీటిలో సీసం ఉందో లేదో చూడాలి. అన్నింటికంటే ముఖ్యంగా అడగాల్సింది, వాళ్ల యంత్రం ఎంత తక్కువ వరకు కొలవగలదని. ఒక ల్యాబువాళ్లు మంచి ధర చెప్పారు కానీ, వాళ్లు సీసాన్ని లీటరుకు 0.05 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే కొలవలేరు. అంటే నా నీళ్లలో 0.04 ఉన్నా రిపోర్టులో 'కనిపించలేదు' అనే వస్తుంది. పరిమితికి నాలుగు రెట్లున్న విషం తాగుతూ, రిపోర్టు చూసుకుని నిశ్చింతగా ఉంటాం. నేను చివరికి ఇచ్చిన ల్యాబులో ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రం ఉంది, అది 0.001 వరకు కొలుస్తుంది. ఎవరైనా పరీక్ష చేయించాలనుకుంటే ధర కంటే ముందు ఈ సంఖ్య అడగండి. ఫోన్‌లో చెప్పలేకపోతే ఇంకో ల్యాబు చూసుకోండి.

ఏమేం చేయించాలన్నది ఇంకో ప్రశ్న. ప్యాకేజీలు వేలల్లో ఉన్నాయి. నేను సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, క్రోమియం, రాగి, జింకు, ఇనుము, అల్యూమినియం అడిగాను. పటికతో శుద్ధి చేసిన నీళ్లు కాబట్టి అల్యూమినియం చూసుకోవడం మంచిదని సారు చెప్పారు. బోరు నీళ్లకు అదనంగా యురేనియం, ఫ్లోరైడ్. పాదరసానికి బాటిల్ వేరే, పద్ధతి వేరే అన్నారు. మా దగ్గర దానికి కారణమేదీ కనిపించలేదు, వదిలేశాను.

బాటిళ్లు ల్యాబువాళ్లే పంపారు. యాసిడ్‌తో కడిగిన ప్లాస్టిక్ బాటిళ్లు, అడుగున కొన్ని చుక్కల నైట్రిక్ యాసిడ్. లోహాలు బాటిల్ గోడలకు అంటుకోకుండా ఆ యాసిడ్ ఆపుతుంది. వాటిని కడగకూడదు, పొర్లిపోయేలా నింపకూడదు, చేతులకు తగలనీయకూడదు. ఇంట్లో ఉన్న వాటర్ బాటిల్‌లో పట్టుకెళ్తే ఆ ఫలితానికి విలువ లేదు. ఫ్లోరైడ్‌కు మాత్రం యాసిడ్ లేని మామూలు ప్లాస్టిక్ బాటిల్ వేరుగా ఇచ్చారు.

నేను నాలుగు చోట్ల నీళ్లు పట్టాను. మునిసిపల్ నీళ్లు వచ్చినప్పుడు సంపులోకి పడే పైపు దగ్గర ఒకటి. రాత్రంతా వాడకుండా వదిలేసిన వంటింటి నల్లాలోంచి తెల్లవారి వచ్చే మొట్టమొదటి నీళ్లు ఒకటి. అదే నల్లాను మూడు నిమిషాలు వదిలేశాక ఒకటి. బోరుది ఒకటి. ఇలా విడివిడిగా పట్టడంలోనే కిటుకంతా ఉంది. లోహం ఊరి నీళ్లతోనే వస్తోందా, మన సంపు, ట్యాంకు, పైపులు దాటేలోపు కలుస్తోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. రాత్రంతా కదలకుండా ఉన్న నీళ్లు పైపును, నల్లాను నానబెట్టినట్టు ఉంటాయి. కనీసం ఆరు గంటలు అలా ఉండాలి.

మా ఆయనకు తెల్లవారుజామునే లేచి చాయ్ పెట్టుకునే అలవాటు. చెప్పినా నిద్రమత్తులో నల్లా తిప్పేస్తారని రాత్రి నల్లాకు పాత చున్నీ ఒకటి గట్టిగా చుట్టి ముడేశాను, చాయ్‌కి నీళ్లు బిందెలో పట్టి పొయ్యి పక్కన పెట్టాను. పొద్దున్నే ముడి విప్పి, బాటిల్ మూతి నల్లా కింద పెట్టి, రోజూ ఎంత తిప్పుతామో అంతే తిప్పాను. మొదటి చుక్క నుంచీ పట్టాలి. కొంచెం వదిలేసి పడదామని చెయ్యి అలవాటుగా పోతుంది, అదే చేయకూడదు. మా నల్లా ఇత్తడిది, ఇల్లు కట్టినప్పటిది. దాని మూతి లోపల వేలు పెట్టి చూస్తే తెల్లగా, పొడిపొడిగా రాలింది.

బాటిళ్ల మీద పేరు, చోటు, టైము రాసి, సంచిలో నిలబెట్టి మా ఆయన బస్సులో హైదరాబాద్ తీసుకెళ్లారు. బ్యాక్టీరియా పరీక్షకైతే ఐసు పెట్టి ఆ రోజే చేర్చాలి. యాసిడ్ వేసిన లోహాల సాంపిల్‌కు అంత టెన్షన్ అక్కర్లేదు.

రిపోర్టు మెయిల్‌లో వచ్చింది. అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లోనే. సంపు దగ్గర పట్టిన మునిసిపల్ నీళ్లలో సీసం కొలతకు అందనంత తక్కువ. ఆర్సెనిక్, కాడ్మియం, క్రోమియం కూడా అంతే. అల్యూమినియం 0.09. మన దేశంలో ప్రమాణాలు పెట్టే బీఐఎస్ ప్రకారం 0.03 వరకు ఉండాలి, వేరే నీళ్లు లేనప్పుడు 0.2 వరకు ఒప్పుకుంటారు. ఆ ఒక్క అల్యూమినియం తప్పిస్తే ఊరి నీళ్లు మంచిగానే ఉన్నాయి. బోరులో ఫ్లోరైడ్ 2.3 వచ్చింది. ఒప్పుకునే గరిష్ఠ పరిమితే 1.5. బోరు నీళ్లు నోట్లో పోసుకోకూడదన్న మా పాత పద్ధతి సరైందేనని తేలింది. యురేనియం 0.011, పరిమితి 0.03 లోపే.

వంటింటి నల్లాలో రాత్రంతా నిలిచిన నీళ్ల దగ్గర మాత్రం సీసం 0.017 అని ఉంది. పరిమితి 0.01. దాని పక్కనే రాగి, జింకు కూడా మిగతా సాంపిళ్ల కంటే బాగా పెరిగి ఉన్నాయి. మూడు నిమిషాలు వదిలాక పట్టిన నీళ్లలో సీసం 0.002కు పడిపోయింది.

ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే కథంతా తెలిసిపోయింది. ఊరి నీళ్లలో సీసం లేదు. ట్యాంకులోంచి కొత్తగా వచ్చిన నీళ్లలో దాదాపు లేదు. నల్లా దగ్గర నిలిచిన నీళ్లలోనే ఉంది. ఇత్తడి అంటే రాగి, జింకు. మరమీద సులువుగా కోయడానికి వీలుగా అందులో కొంచెం సీసం కలుపుతారు. గోడలోంచి నల్లా దాకా ఉన్న చిన్న ముక్క పాత జీఐ పైపు, దాని పూత జింకు. ఈ రెండింటి దగ్గరే సీసం కలుస్తోంది. పాత పీవీసీ పైపుల్లో కూడా సీసం ఉంటుంది. తయారీలో వేడికి పీవీసీ చెడిపోకుండా సీసపు స్టెబిలైజర్లు కలిపేవారు, వాటిని క్రమంగా ఆపించడానికి కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. అంతకుముందు వేసిన పైపులు లక్షల ఇళ్లలో ఇంకా అలాగే ఉన్నాయి.

రిపోర్టు పట్టుకుని అమ్మాయిని చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె తేలిగ్గా తీసేయలేదు, భయపెట్టనూ లేదు. సీసానికి ఇంత వరకు పర్వాలేదు అనే హద్దు లేదని, కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి బిడ్డకు చేరుతుందని, చిన్నపిల్లల ఒంటికి పెద్దవాళ్ల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుందని చెప్పారు. తల్లి ఒంట్లో ఐరన్, కాల్షియం సరిపడా ఉంటే సీసం పట్టడం తగ్గుతుంది, ఆ మాత్రలు మానొద్దన్నారు. రక్త పరీక్ష చేయిస్తే సీసం డెసిలీటరుకు రెండు మైక్రోగ్రాముల లోపే వచ్చింది. అయిదు, ఆపైన ఉంటే ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇంట్లో ఇంకా ఏమేం ఉన్నాయని కూడా అడిగారు. సీసం వేసి కళాయి పూసిన గిన్నెలున్నాయా, విడిగా అమ్మే పసుపు వాడతారా, పుట్టబోయే బిడ్డకు సుర్మా పెడతారా అని. సుర్మా చాలావరకు సీసపు సల్ఫైడే. మా అత్తమ్మ తెచ్చి దాచిపెట్టిన డబ్బీ ఆ సాయంత్రమే తీసేశాం.

"మరిగిస్తే పోదా అక్కా?" అని వదిన అడిగింది. చాలామంది అడిగే మాటే ఇది. మరిగిస్తే క్రిములు చస్తాయి. సీసం పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. గీజర్ నీళ్లతో వంట చేయడం, పాలపొడి కలపడం కూడా మంచిది కాదు, వేడినీళ్లు లోహాన్ని ఇంకా త్వరగా కరిగిస్తాయి. ఆర్ఓ సీసాన్ని తీస్తుంది, నిజమే. మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువే, సీసం లాంటి విష లోహాలూ లేవు. అలాంటప్పుడు మా ఇంటి నల్లాలో కలిసే సీసం కోసం మిషన్ పెట్టి, సగం నీళ్లు మోరీలోకి వదిలేయడం నాకు నచ్చలేదు. బోరు నీళ్లు తాగక తప్పని ఇళ్ల సంగతి వేరు. వాళ్లకు ఫ్లోరైడ్ కోసమైనా ఆర్ఓ కావాలి.

ప్లంబర్‌ను పిలిస్తే, "ఇత్తడి నల్లా ఇంత గట్టిది మళ్ల దొరకదు మేడమ్, ఎందుకు తీస్తరు?" అన్నాడు. రిపోర్టు చూపించి, రాగి, జింకు, సీసం మూడూ ఒకేచోట ఎలా పెరిగాయో చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. జీఐ ముక్క తీసి అరచేతిలో తట్టితే లోపలి నుంచి ఎర్రటి పెళ్లలు రాలాయి, వాటిని చూశాక ఇంకేం అడగలేదు. దాని బదులు సీపీవీసీ పైపు, నల్లా స్టీలుది పెట్టించాం. కొత్త ఇత్తడి నల్లా వద్దని గట్టిగా చెప్పాను. కొత్తది మొదట్లో పాతదాని కంటే ఎక్కువే సీసం వదలొచ్చు. ఖర్చు పరీక్షల ఖర్చు కంటే తక్కువే అయింది. కొన్ని వారాలు వాడాక మళ్లీ చున్నీ కట్టి, ఈసారి ఒక్క సీసానికే, ఒక్క బాటిలే పంపాను. 0.001 అని వచ్చింది.

ఇంత ఖర్చు పెట్టుకోలేనివాళ్లకు కూడా ఒక దారి ఉంది. ఇత్తడి నల్లా, పాత పైపులు ఉంటే పొద్దున్నే వచ్చే నీళ్లు మొక్కలకో, గిన్నెలకో పట్టి, కాసేపు వదిలాకే తాగడానికి పట్టుకోవాలి. మా రిపోర్టులో 0.017 నుంచి 0.002కు తగ్గింది ఆ మూడు నిమిషాల్లోనే. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం దీంతో సరిపెట్టుకోవద్దని నా మాట. వీలు చూసుకుని నల్లా మార్చండి.

మా వీధిలో మా ఇంటి ఈడు ఇళ్లున్న వాళ్లు కొందరు ఇప్పుడు నాతో కలిసి సాంపిళ్లు పంపుతున్నారు. సీసం ఒక్కటే అయితే కొన్ని వందల్లో అయిపోతుంది, ఒకేసారి ఇస్తే ఒకరు హైదరాబాద్ వెళ్లొస్తే చాలు. నా బెంగ అంతా ఇప్పుడు మా స్కూలు మీద ఉంది. నీళ్ల తొట్టి దగ్గర వరసగా ఇత్తడి నల్లాలే, పైగా వేసవి సెలవులన్నాళ్లూ నీళ్లు అందులోనే నిలిచి ఉంటాయి. హెడ్మాస్టరు గారికి మా ఇంటి రిపోర్టు చూపిస్తే సరేనన్నారు. బాటిళ్లు తెప్పించి బీరువాలో పెట్టాను. బడి తెరిచే రోజు పిల్లలు రాకముందే వెళ్లి ప్రతి నల్లా నుంచీ మొదటి నీళ్లు పట్టాలి, ఆ తర్వాత తొట్టి మొత్తం ఖాళీ చేయించి కొత్త నీళ్లు నింపాకే వాళ్లను తాగనివ్వాలి.